కడుపునొప్పి మాత్ర దేనితో పడదు: స్ట్రిప్పు చదవడం దగ్గర్నుంచి చెమట ఆగడం దాకా

చెన్నైలో ఏ మందుల షాపుకెళ్లి "వయిత్తు వలి మాత్తిరై" అని అడిగినా కౌంటరు మీదికి వచ్చేది నాలుగైదు రకాల్లో ఒకటి: సైక్లోపామ్, మెఫ్టాల్ స్పాస్, డ్రోటిన్, బస్కోపాన్, కొలోస్పా. పెరంబూరు నుంచి టీ నగర్ దాకా తెలుగిళ్లలో వీటన్నిటికీ ఒకటే పేరు, కడుపునొప్పి బిళ్ల. అసలు చిక్కు ఆ పేరుతోనే మొదలవుతుంది. పేరు ఒకటైనా లోపలి మందులు వేరు. ఒకటి ప్రాణం మీదికి తెచ్చే జబ్బులో ఇంకోటి వేసుకున్నా ఏమీ కాకపోవచ్చు.

ఇక్కడ ఎక్కువగా చెప్పేది డైసైక్లోమిన్ గురించి. మన దగ్గర కడుపునొప్పి బిళ్లల్లో ఎక్కువగా కనిపించేది అదే, ఎక్కువ మందులతో గొడవపడేదీ అదే. మిగతావాటి సంగతి అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

పేగు కండరానికి "బిగుసుకో" అని కబురు మోసే రసాయనం అసిటైల్‌కొలిన్. డైసైక్లోమిన్ ఆ కబురును అడ్డుకుంటుంది, మెలిపెట్టే నొప్పి సడలుతుంది. అయితే అదే రసాయనం నోట్లో లాలాజలం ఊరడానికి, ఒంటికి చెమట పట్టడానికి, కంటిపాప ముడుచుకోవడానికి, మూత్రాశయం పిండుకుని ఖాళీ కావడానికి, గుండె అదుపులో కొట్టుకోవడానికి, బుర్ర తేటగా ఉండడానికి కూడా కావాలి. మాత్రకు పేగు ఏదో కన్ను ఏదో తెలియదు, అన్నిచోట్లా అడ్డం పడుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయేవాటిలో సగం మీరే ఊహించగలరు.

1. ముందు, ఇది మాత్రతో తగ్గించాల్సిన నొప్పేనా?

ఈ మాత్ర నొప్పిని తగ్గిస్తుంది, నొప్పికి కారణాన్ని తీసేయదు. అందుకే కింద చెప్పిన వాటిలో ఒక్కటి ఉన్నా మాత్ర జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

- బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి జరిగి అక్కడే నిలిచిపోయిన నొప్పి. అపెండిసైటిస్ కావచ్చు.
- కడుపు చెక్కలా గట్టిపడటం, ముట్టుకుంటే భరించలేకపోవడం.
- కడుపు ఉబ్బి, వాంతులవుతూ, అపానవాయువు కూడా పోకపోవడం. పేగు మూసుకుపోయిందేమో చూడాలి. మూసుకున్న పేగును ఇంకా పడుకోబెట్టే మందు ఇది.
- నెత్తురు కలిసిన లేదా తారులా నల్లగా వచ్చే విరేచనం, జ్వరంతో కూడిన జిగట విరేచనాలు.
- పై పొట్టలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి. మధుమేహం ఉన్నవాళ్లలో గుండెపోటు చాలాసార్లు "గ్యాస్ నొప్పి" వేషంలోనే వస్తుంది.
- గర్భిణికి వచ్చిన కడుపునొప్పి, ఏ నెలలోనైనా.

ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లు కూడా దీన్ని "కడుపునొప్పి" అనే చెబుతారు. వాళ్లకు డైసైక్లోమిన్ ఇస్తే అన్నవాహిక అడుగున ఉండే కవాటం ఇంకా సడలుతుంది, పొట్ట ఖాళీ కావడం ఆలస్యమవుతుంది, ఆమ్లం ఇంకాస్త పైకి తంతుంది. మాత్ర వేసుకున్నాక మంట పెరిగిందంటే కారణం చాలావరకు ఇదే.

2. స్ట్రిప్పు తిప్పి, పేరు కింద ఉన్న చిన్నక్షరాలు చదవండి

షాపతను స్ట్రిప్పులోంచి నాలుగు బిళ్లలు కత్తిరించి ఇస్తాడు. ఆ ముక్క మీద "పామ్" అనో "స్పాస్" అనో ఉంటుంది కానీ ఏ మందు ఎంత ఉందో, గడువు ఎప్పుడో మిగతా ముక్కతో షాపులోనే ఉండిపోతుంది. పూర్తి స్ట్రిప్పు కొనండి. లేదా కత్తిరించకముందే ఫోనులో ఫొటో తీసుకోండి. డైసైక్లోమిన్ ఉన్న స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందని దానర్థం.

చదవాల్సింది ఇవి:

డైసైక్లోమిన్ 10 లేదా 20 మి.గ్రా. అని మాత్రమే ఉంటే అది ఒంటరి మందు, లెక్క సులువు.

డైసైక్లోమిన్‌తో పారాసెటమాల్ కలిస్తే సైక్లోపామ్ రకం. పారాసెటమాల్ 325 ఉందా 500 ఉందా అని స్ట్రిప్పు మీదే చూడాలి. ఆ తేడా ఎంత దూరం పోతుందో కాస్త ఆగి లెక్క వేద్దాం. వైరల్ జ్వరం, దానికి తోడు కడుపులో మెలి. జ్వరానికి 650 బిళ్ల రోజుకు నాలుగు వేసుకున్నారు, అంటే 2600. కడుపుకు 500 ఉన్న బిళ్ల మూడు పూటలా, 1500. మొత్తం 4100 మి.గ్రా. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 4000 దాటకూడదు. రోజూ మందు తాగేవాళ్లకు, కాలేయం దెబ్బతిన్నవాళ్లకు హద్దు దానిలో సగం దగ్గరే. ముక్కు కారుతోందని జలుబు బిళ్ల కూడా వేసుకుంటే అందులోనూ పారాసెటమాల్ ఉంటుంది. మూడు వేరువేరు పేర్లు, లోపల ఒకే మందు.

డైసైక్లోమిన్ 10, మెఫెనామిక్ ఆసిడ్ 250 అని ఉంటే మెఫ్టాల్ స్పాస్ రకం. నెలసరి నొప్పికి ఎక్కువగా వాడేది ఇదే. ఇందులో కొరకరాని కొయ్య మెఫెనామిక్. దాని పట్టీ వేరే ఉంది, నాలుగో మెట్టులో వస్తుంది.

క్లోర్‌డయాజెపాక్సైడ్, క్లిడినియం, డైసైక్లోమిన్ మూడూ ఉంటే నార్మాక్సిన్ రకం. క్లిడినియం చేసే పని కూడా డైసైక్లోమిన్ పనే, అంటే ఒకే బిళ్లలో ఒకే పని చేసే మందులు రెండు. మిగిలిన క్లోర్‌డయాజెపాక్సైడ్ మత్తు తెచ్చే మందు, నెలల తరబడి వాడితే అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానితే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు. దీన్ని "గ్యాస్ బిళ్ల" అనుకుని సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా మానకూడదు.

ట్రమడాల్ కూడా కలిసి ఉంటే అది స్పాస్మో ప్రాక్సివాన్ ప్లస్ రకం. 2018 నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. నిద్రమాత్రలు, మద్యం, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి మానసిక ఒత్తిడి మందులు వాడేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. ఊపిరి మందగించడం, ఫిట్స్, ఒళ్లు బిగుసుకుని జ్వరం రావడం దాకా పోవచ్చు.

డ్రోటావెరిన్ 40 లేదా 80, మెబెవెరిన్ 135 లేదా 200 అని ఉంటే ఇవి వేరే దారిలో కండరాన్ని సడలిస్తాయి. కబురును అడ్డుకోవు. కాబట్టి నోరు ఎండటం, కన్ను మసకబారడం, మూత్రం బిగుసుకోవడం లాంటివి వీటితో దాదాపు ఉండవు. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు, ప్రొస్టేట్ పెరిగినవాళ్లకు డాక్టర్లు ఇటు మొగ్గేది అందుకే. డ్రోటావెరిన్‌కు దాని లోపాలు దానికున్నాయి. పార్కిన్సన్స్‌కు వాడే లీవోడోపా పనిని తగ్గిస్తుంది, బీపీని దించుతుంది, కాలేయం, కిడ్నీ, గుండె బాగా దెబ్బతిన్నవాళ్లకు పనికిరాదు. స్ట్రిప్పు పేరు చివర "ఎం" అని ఉంటే అందులోనూ మెఫెనామిక్ కలిసి ఉండొచ్చు, తిప్పి చూడండి.

3. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక పళ్లెంలో పోయండి

మాటవరసకు కాదు, నిజంగానే. రోజూ వేసుకునేవి, అప్పుడప్పుడూ వేసుకునేవి, ఇన్‌హేలర్, కంటిచుక్కలు, సిరప్పులు అన్నీ. తర్వాత వాటిని మూడు కుప్పలు చెయ్యండి.

మొదటి కుప్ప: డైసైక్లోమిన్ చేసే పనే చేసేవి. ఇవి కలిస్తే ప్రమాదం కూడుతూ పోతుంది. జలుబు బిళ్లల్లోని క్లోర్‌ఫెనిరమిన్, దగ్గు సిరప్పుల్లోని డైఫెన్‌హైడ్రమిన్, దురదకు వేసుకునే హైడ్రాక్సిజిన్, బస్సు ప్రయాణంలో వాంతి రాకుండా వేసుకునే అవోమిన్‌లోని ప్రోమెథజిన్, తలనొప్పికో అరికాళ్ల మంటకో రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్, నార్ట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే సోలిఫెనాసిన్, ఆక్సీబ్యుటినిన్, మానసిక వ్యాధుల మందులతో పాటు ఇచ్చే పేసిటేన్, అమాంటడిన్, విరేచనాలు కట్టడానికి వాడే లోమోటిల్‌లోని అట్రోపిన్.

ఒక ఇంటిని ఊహించుకోండి. పెద్దాయనకు 68 ఏళ్లు, మధుమేహం. అరికాళ్ల మంటకు రాత్రి ప్రిగాబలిన్‌తో కలిసి వచ్చే నార్ట్రిప్టిలిన్ బిళ్ల. మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తోందని సోలిఫెనాసిన్. వానలు మొదలయ్యాక జలుబు, దానికో బిళ్ల. ఇవి మూడూ అప్పటికే ఒంట్లో ఉన్నాయి. నాలుగోది, కడుపులో మెలిపెడుతోందని డైసైక్లోమిన్ 20 మి.గ్రా., మూడు పూటలా. ఏ ఒక్కటీ మోతాదు మించలేదు. ఏ ఒక్క డాక్టరూ తప్పు రాయలేదు. అయినా రెండో రోజు సాయంత్రానికి ఆయన లేని మనుషులతో మాట్లాడటం మొదలుపెడతారు, పొద్దున్నుంచి మూత్రం రాలేదన్న సంగతి ఎవరూ గమనించరు. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది, మతిమరుపు" అనుకుంటారు. 65 దాటినవాళ్లకు ఈ జాతి మందులు వీలైనంతవరకు వద్దనేది ఈ కారణంతోనే.

రెండో కుప్ప: ఎదురు లాగేవి. డోమ్‌పెరిడోన్, మెటోక్లోప్రమైడ్, ఇటోప్రైడ్, లీవోసల్పిరైడ్ పొట్టను ముందుకు నెడతాయి. డైసైక్లోమిన్ ఆపుతుంది. పాంటోప్రజోల్ కలిసిన గ్యాస్ బిళ్లల్లో చాలావాటికి చివర "డి", "ఎల్" లాంటి అక్షరం ఉంటుంది. ఆ అక్షరం చాలాసార్లు ఇదే. ఉదయం అది, మధ్యాహ్నం ఇది వేసుకుంటే ఒకే ఎద్దుబండికి ముందొక జత, వెనకొక జత కట్టినట్టే. మతిమరుపుకు వాడే డోనెపెజిల్, కండరాల బలహీనతకు వాడే పైరిడోస్టిగ్మిన్ కూడా ఈ కుప్పలోవే. వాటి పనిని డైసైక్లోమిన్ నేరుగా చెడగొడుతుంది.

మూడో కుప్ప: పేగు నెమ్మదించడం వల్ల లెక్క తప్పేవి. డిగాక్సిన్ మెల్లగా కరిగే బిళ్ల అయితే పేగులో ఎక్కువసేపు నిలిచి రక్తంలో స్థాయి పెరగవచ్చు. గుండె మందు కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. పొటాషియం క్లోరైడ్ గట్టి బిళ్ల ఒకేచోట ఆగిపోయి అక్కడి పేగు గోడను కాల్చి పుండు చేస్తుంది. డైసైక్లోమిన్ తప్పదంటే పొటాషియాన్ని సిరప్పుగా మార్చమని డాక్టర్ని అడగాలి. సెమాగ్లుటైడ్ లాంటి సుగరు, బరువు ఇంజెక్షన్లు పొట్టను ఎలాగూ నెమ్మదింపజేస్తాయి, దాని మీద ఇది తోడైతే వాంతులు, మలబద్ధకం ముదురుతాయి.

ఇదే కుప్పలో పైకి కనపడని ఒక చిక్కు ఉంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కరగాలంటే నోట్లో తడి ఉండాలి. డైసైక్లోమిన్ వేసుకున్న మనిషి నోరు ఎండిపోయి ఉంటుంది, బిళ్ల నాలుక కింద అలాగే కూర్చుంటుంది. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకుని అప్పుడు పెట్టుకోవాలి. ఇంట్లో గుండె రోగి ఉంటే ఈ ఒక్క మాట అందరికీ తెలిసి ఉండాలి.

జెలూసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్లు డైసైక్లోమిన్ ఒంటికి పట్టకుండా చేస్తాయి. రెండూ ఒకేసారి మింగకండి. డైసైక్లోమిన్ తిండికి ముందు, యాంటాసిడ్ తిన్న గంట తర్వాత అని పెట్టుకుంటే ఎడం దానంతటదే వస్తుంది.

4. మెఫెనామిక్ ఉన్న బిళ్ల అయితే ఈ పట్టీ వేరు

బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి, వాటితో పాటు మూత్రం పోయించే మందు కూడా వాడేవాళ్లకు మెఫెనామిక్ తోడైతే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. విరేచనాలయి ఒంట్లో నీరు తగ్గిన రోజున అదే కిడ్నీని కూలదోయగలదు. చిక్కేమిటంటే కడుపునొప్పి బిళ్ల గుర్తొచ్చేది సరిగ్గా విరేచనాల రోజునే.

వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం. లిథియం, మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఆ మందులే ఒంట్లో పేరుకుని విషంగా మారతాయి. పొట్టలో పుండు, పెద్దపేగు వాపు జబ్బు, నొప్పి మాత్రలతో వచ్చే ఆస్థమా ఉన్నవాళ్లకు అసలు వద్దు. 20 వారాలు నిండిన గర్భిణికి డాక్టరు చెప్పకుండా వద్దు.

చెన్నైలో అక్టోబరు, నవంబరు వానల తర్వాత డెంగీ కాలం వస్తుంది. డెంగీలో కడుపునొప్పి కూడా ఒక లక్షణమే, అదీ హెచ్చరిక లక్షణం. ఆ నొప్పికి మెఫెనామిక్ వేసుకుంటే అప్పటికే పడిపోతున్న ప్లేట్‌లెట్ల మీద రక్తస్రావం ముప్పు కూడా వచ్చిపడుతుంది. జ్వరం, కడుపునొప్పి రెండూ ఉన్నప్పుడు రక్తపరీక్ష అయ్యేదాకా మెఫెనామిక్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మూడింటినీ పక్కన పెట్టండి.

2023 నవంబరు చివర్లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ మెఫెనామిక్ గురించి హెచ్చరిక జారీ చేసింది. డ్రెస్ సిండ్రోమ్ అనే తీవ్రమైన అలర్జీ గురించి అది. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాల్లోపు జ్వరం, ఒంటినిండా దద్దురు, మెడలో, చంకల్లో బిళ్లలు కట్టడం, ముఖం వాపు కనిపించవచ్చు. మాత్ర ఎప్పుడో ఆపేశాం కదా అని దాన్ని డాక్టరుకు చెప్పడం మానేయకండి. నెలసరికి రెండు మూడు రోజులు చాలు. ఏ కారణానికైనా వారం దాటకూడదు.

5. జబ్బులు: ఎవరు వేసుకోకూడదు, ఎందుకు

కన్ను నుంచి మొదలుపెట్టాలి. గ్లాకోమాలో రెండు రకాలు. ఇరుకు కోణం రకంలో డైసైక్లోమిన్ కంటిపాపను విప్పి నీరు బయటికి పోయే దారిని మూసేయగలదు. కన్ను ఎర్రబడటం, దీపాల చుట్టూ రంగుల వలయాలు, భరించలేని తలనొప్పి, వాంతులు. ఆ వాంతులే మోసం చేస్తాయి. "పైత్యం చేసింది" అనుకుని ఇంకో కడుపు బిళ్ల వేసుకుంటారు, కన్ను ఇంకాస్త మూసుకుంటుంది. కంటినొప్పితో వాంతి వస్తే అది పొట్ట సమస్య కాదు. 1819లో మొదలైన ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఎగ్మూరులో ఉంది, లేదా దగ్గర్లోని ఏ కంటి ఆసుపత్రికైనా అదే గంటలో వెళ్లాలి. మీకు గ్లాకోమా ఉందని చెప్పినప్పుడు "ఏ రకం?" అని అడిగి ఫైలు మీద రాయించుకోండి. లేజర్ చేయించుకున్నారా లేదా అన్నది కూడా.

ప్రొస్టేట్ పెరిగినవాళ్లలో మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తుంటుంది. డైసైక్లోమిన్ మూత్రాశయం పట్టును సడలిస్తే ఆ సన్నధార కూడా ఆగిపోయి, గొట్టం వేయించుకోవాల్సి వస్తుంది. టామ్సులోసిన్ వాడుతున్నారంటే చాలావరకు ప్రొస్టేట్ పెరిగిందనే లెక్క, షాపులో ఆ మాట చెప్పండి.

మధుమేహం చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లలో పొట్ట నరాలు దెబ్బతిని తిన్నది అలాగే ఉండిపోతుంటుంది. ఈ మందు దాన్ని ఇంకా ఆపుతుంది. సుగరు బిళ్ల పనిచేసే వేళకు అన్నం పేగుకు చేరదు, సుగరు పడిపోతుంది. తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతుంది.

పెద్దపేగు పుండ్ల జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, సూక్ష్మజీవుల వల్ల వచ్చిన రక్త విరేచనాల్లో పేగును ఆపితే విషం లోపలే నిలిచి పేగు ఉబ్బి చిట్లే ప్రమాదం ఉంది. విరేచనాన్ని బయటికి పోనివ్వడమే మేలు. మయస్థీనియా (కండరాల బలహీనత జబ్బు) ఉన్నవాళ్లకు పూర్తిగా నిషేధం. థైరాయిడ్ ఎక్కువ ఉన్నవాళ్లు, గుండెదడ, లయ తప్పడం ఉన్నవాళ్లకు నాడి ఇంకా పరిగెడుతుంది. కాలేయం, కిడ్నీ జబ్బుల్లో మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, మోతాదు డాక్టరే నిర్ణయించాలి.

ఆరు నెలల లోపు పిల్లలకు డైసైక్లోమిన్ చుక్కలు వద్దే వద్దు. ఊపిరి ఆగడం, ఫిట్స్, స్పృహ తప్పడం జరిగాయి. రాత్రంతా ఏడ్చే బిడ్డకు "పెద్దోడికి మిగిలిపోయిన సీసా ఉందిగా" అని అమ్మమ్మ రెండు చుక్కలు పోయడం ప్రేమతోనే చేస్తుంది. ఆ సీసాను ఇంట్లో ఉంచకపోవడమే దారి. పాలిచ్చే తల్లి కూడా వేసుకోకూడదు, మందు పాలలోకి దిగుతుంది.

6. ఎప్పుడు, ఎంత, దేనితో

తిన్న వెంటనే మెలిపెట్టి బాత్రూముకు పరిగెత్తించే ఐబీఎస్ (పేగు చికాకు జబ్బు) రకం నొప్పికి ఒంటరి డైసైక్లోమిన్ తిండికి అరగంట ముందు వేసుకుంటే ఫలితం ఎక్కువ. రక్తంలో దాని స్థాయి గంట నుంచి గంటన్నరకు శిఖరానికి చేరుతుంది. మెబెవెరిన్ అయితే 20 నిమిషాల ముందు. కానీ మెఫెనామిక్ కలిసిన బిళ్ల ఖాళీ కడుపు మీద వేసుకుంటే పొట్ట గోడను గీరుతుంది, దాన్ని తిన్న తర్వాతే వేసుకోవాలి. ఒకే మందు ఒక బిళ్లలో తిండికి ముందు, ఇంకో బిళ్లలో తిండి తర్వాత. స్ట్రిప్పు తిప్పి చదవమని ముందే చెప్పింది ఇందుకే.

పెద్దవాళ్లకు మామూలుగా 10 నుంచి 20 మి.గ్రా., రోజుకు మూడు నాలుగు సార్లు. మొదటి వారం రోజుకు 80 మి.గ్రా. దాటించరు. తర్వాత తట్టుకుంటే డాక్టరు 160 దాకా పెంచవచ్చు. ఆ 160 మోతాదు పరీక్షల్లో నూటికి 40 మందికి తల తిరిగింది, 33 మందికి నోరు ఎండింది, 27 మందికి చూపు మసకబారింది. రెండు వారాల్లో గుణం కనిపించకపోతే ఆపేయడమే, ఇంకా పెంచి లాభం లేదు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకండి.

మద్యం: వద్దు. మత్తు, తల తిరగడం రెండింతలవుతాయి. పారాసెటమాల్ ఉన్న బిళ్లకు కాలేయం, మెఫెనామిక్ ఉన్నదానికి పొట్టపుండు, ట్రమడాల్ ఉన్నదానికి ఊపిరి, అన్ని దారులూ మద్యం దగ్గరే చెడతాయి.

ఫిల్టర్ కాఫీకి డైసైక్లోమిన్‌తో రసాయనంగా పెద్ద గొడవ లేదు. కానీ దడ ఉన్నవాళ్లకు దడ పెంచుతుంది, పేగును కెలుకుతుంది. రోజుకు నాలుగు డబరాలు తాగి మెలినొప్పికి మాత్ర వేసుకోవడం కన్నా రెండు డబరాలకు దిగడం చవక.

ఇసబ్‌గోల్ విషయంలో జాగ్రత్త కావాలి. మందు పేగును నెమ్మదింపజేసింది, నోరు ఎండుతోంది, పైగా పొట్టు పొడిని అరగ్లాసు నీళ్లతో మింగితే అది గొంతులోనో పేగులోనో ముద్ద కడుతుంది. ఒక చెంచాకు పెద్ద గ్లాసు నిండా నీళ్లు, తర్వాత ఇంకో గ్లాసు, మాత్రకు రెండు గంటల ఎడం. మలబద్ధకానికి అరటిదూట కూర, బొప్పాయి, నీళ్ల మజ్జిగ మేలు. సునాముఖి రోజూ తీసుకుంటూ ఈ మాత్ర కూడా వేసుకోవడం మళ్లీ ఆ ఎద్దుబండి కథే.

నోరు ఎండితే చక్కెర మిఠాయిలు చప్పరించకండి, లాలాజలం లేని నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. గుక్కగుక్కగా నీళ్లు, ఒక లవంగం, చక్కెర లేని చూయింగ్ గమ్ చాలు.

ఉమ్మెత్త గురించి ఒక మాట. ఉబ్బసానికి దాని ఎండుటాకు పొగ పీల్చడం, ఆకుపసరు వాడటం ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్, స్కోపొలమిన్ డైసైక్లోమిన్‌కు పెద్దన్నలు. "ఆకే కదా" అనుకోవద్దు. రెండూ కలిస్తే మనిషికి పిచ్చెక్కినట్టవుతుంది.

7. చెన్నై ఎండ కూడా ఒక పదార్థమే

ఈ అంశం స్ట్రిప్పు మీద ఒక వాక్యంగా ఉంటుంది, కాని మే నెల మొదట్లో కత్తిరి వెయిల్ అనే మండుటెండలు మొదలైతే అదే మొదటి వాక్యం అవ్వాలి. ఒళ్లు చల్లబడేది చెమటతోనే. సముద్రపు ఉక్కలో చెమట ఎలాగూ సరిగా ఆరదు. డైసైక్లోమిన్ ఆ చెమటనే ఆపుతుంది. భవన నిర్మాణంలో, హోటలు వంటింట్లో, డెలివరీ బండి మీద పనిచేసేవాళ్లు మధ్యాహ్నం షిఫ్టుకు ముందు ఈ మాత్ర వేసుకుంటే మామూలుగా తట్టుకునే ఎండ కూడా వడదెబ్బ అవుతుంది. టోపిరమేట్ వాడే మైగ్రేన్, ఫిట్స్ రోగులకు ముప్పు ఇంకా ఎక్కువ, ఆ మందు కూడా చెమటను తగ్గిస్తుంది.

గుర్తు తేలిక. నడి ఎండలో అందరికీ చొక్కాలు తడిసి ఉంటే ఒకరి చర్మం మాత్రం పొడిగా, పెనంలా కాలుతూ, ముఖం ఎర్రగా ఉంటే చెమట ఆగిందని అర్థం. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరాలి, 108కి ఫోన్ చెయ్యాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.

మసకచూపు, తల తిరుగుడు పోయేదాకా స్కూటరు, ఆటో, యంత్రం దేని జోలికీ వెళ్లకండి. మొదటి మోతాదు ఇంట్లో ఉన్న రోజు వేసుకుని ఒంటికి ఎలా ఉంటుందో చూసుకోవడం మంచిది.

8. వేసుకున్నాక గమనించాల్సినవి

మొదటి మూడు రోజులు ఒక కాగితం మీద రెండు రాసుకోండి: మూత్రం ఎన్నిసార్లు వచ్చింది, విరేచనం ఎప్పుడైంది. ఆరేడు గంటలుగా మూత్రం రాక పొత్తికడుపు బిగుసుకుంటే, మాటలు తడబడితే, గుండె దడదడలాడితే, కన్ను నొప్పెడితే తర్వాతి మాత్ర వద్దు, ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు స్ట్రిప్పుతో పాటు మూడో మెట్టులో పళ్లెంలో పోసినవన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. డ్యూటీ డాక్టరుకు "పచ్చ బిళ్ల, తెల్ల బిళ్ల" అని చెప్పడం కన్నా ఆ సంచి ఇవ్వడం నయం.

పిల్లలు పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకండి. ఎన్ని బిళ్లలు మిగిలాయో లెక్కపెట్టుకుని 108కి ఫోన్ చెయ్యండి.

మందు వల్ల దద్దురో, మూత్రం ఆగడమో, మరేదైనా వికటించినట్టు అనిపిస్తే రోగి కూడా నేరుగా చెప్పుకోవచ్చు. మందుల భద్రతను గమనించే జాతీయ కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024. ఫోన్ చేసేటప్పుడు బ్యాచ్ నంబరు అడుగుతారు. కత్తిరించిన ముక్క మీద అది ఉండదు.